చెరువు కట్ట మీద శిలాఫలకం ఉంది, పని లేదు: ఎవరిని అడగాలి?

శేషాచలం నీడ
సంక్రాంతికి ఊరు చేరిన మా కుటుంబాలన్నీ కనుమ మరునాడు మా అత్తగారి ఊరి చెరువు దగ్గర ఒక పూట గడిపాయి. ఊరు తిరుపతికి దగ్గరే. ఆ ఊరి వాళ్లను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు కనుక పేరు రాయడం లేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు సగానికి పైగా నిండి ఉంది. పిల్లలు కట్ట పొడవునా పరుగులు తీశారు. ఒకప్పుడు మొరవ (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) పారితే ఊరంతా వచ్చి గంగమ్మకు పసుపు కుంకుమలు చల్లేవారని మా మామగారు చెప్పారు. అలసంద వడలు, నాటుకోడి కూర తీసుకెళ్లాము కనుక భోజనానికీ లోటు లేదు.

కట్ట మొదట్లో మాత్రం నల్లరాతి శిలాఫలకం ఒకటి నిలబడి ఉంది. చెరువు సుందరీకరణ, నడక దారి, పిల్లల పార్కు, తూముల మరమ్మతు పనులకు శంకుస్థాపన జరిగినట్టు 2024 ఎన్నికలకు కొద్ది వారాల ముందటి తేదీ, అంచనా మొత్తం, వరుసగా పెద్దల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. నడక దారి లేదు, పార్కు లేదు. రెండు తూముల్లో ఒకదాని తలుపు విరిగి నీళ్లు రాత్రింబగళ్లు వృథాగా పోతున్నాయి, రెండోది పూడిపోయింది. చెరువు లోపల టిప్పర్లు దిగి మట్టి తోడుకుపోయిన చోట్ల మనిషి లోతు గుంటలు ఉన్నాయి. పైకి నీళ్లు సమంగా కనిపిస్తాయి కనుక ఎక్కడ ఎంత లోతుందో తెలియక, ఆ రోజంతా పెద్దవాళ్లలో ఇద్దరం పిల్లలకు కాపలాగా నిలబడవలసి వచ్చింది.

ఆ రాతి మీద పేరున్న వారిలో కొందరు ఇప్పుడు పదవిలో లేరు. ఉన్నవారు అది గత ప్రభుత్వపు పని అంటున్నారని ఊళ్లో చెప్పారు. మరి రాతి మీద ఇచ్చిన మాటకు జవాబు చెప్పవలసిన వారు ఎవరు? ఈ జిల్లాలో ఇటువంటి చెరువుల దగ్గర ఏం జరిగిందో తెలిసినవారు చెప్పండి.

చిత్తూరు పాఠకుడు
2024 మే 13న జనం జవాబు చెప్పారు కదా. మాట తప్పిన వారిని ఓటుతో పంపించడమే మనకున్న సాధనం. దానికి మించి ఏం కావాలో నాకు అర్థం కావడం లేదు.

వనజ చంద్రగిరి
పాఠకుడు గారూ, ఓటుతో మనిషి మారాడు, తూము తలుపు మారలేదు. ఐదేళ్లకు ఒకసారి వేసే ఒకే ఒక ఓటులో ఉద్యోగాలు, ధరలు, పింఛన్లు, కులం, అభిమానం అన్నీ కలిసిపోతాయి. అందులో ఈ చెరువు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు, గెలిచినవారికీ తెలియదు.

విశ్రాంత ఏఈ
అసిస్టెంట్ ఇంజనీరుగా నేను పని చేసిన కాలంలో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. శిలాఫలకం పని జరుగుతుందనడానికి ఆధారం కాదు. పనికి మొదట అంచనా తయారవుతుంది, తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం వస్తాయి. పని మొదలయ్యాక చేసిన ప్రతి భాగాన్నీ కొలిచి ఎం బుక్కులో (కొలతల పుస్తకంలో) రాయాలి, ఆ కొలతల మీదే బిల్లు పాసవుతుంది. శంకుస్థాపన మాత్రం వీటిలో ఏ మెట్టు మీదైనా జరగవచ్చు, పరిపాలనా అనుమతి చేతికి రాగానే రాయి పాతిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఎన్నికల ప్రకటన వెలువడిన క్షణం నుంచి నియమావళి ప్రకారం అధికారంలో ఉన్నవారు శంకుస్థాపనలు చేయకూడదు. 2024లో ఆ ప్రకటన మార్చి 16న వచ్చింది. దానికి ముందటి వారాల్లో రాష్ట్రమంతటా ఎన్ని రాళ్లు లేచాయో గుర్తు చేసుకోండి, నీడ గారు చూసిన తేదీకి అర్థం తెలుస్తుంది.

ఇంకో సంగతి. ప్రభుత్వం మారగానే మొదలుకాని పనులను ఆపేయడం మన రాష్ట్రంలో 2019లోనూ చూశాము. కాబట్టి ఆ పని నిజంగా మంజూరైందా, మంజూరై రద్దయిందా, లేక కొంత జరిగినట్టు రాసి బిల్లు తీసుకున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పవలసిన మనుషులు వేరు వేరు.

కుప్పం యువకుడు
ఏఈ గారు చెప్పిన మూడో సంగతే నిజమైతే?

విశ్రాంత ఏఈ
అయితే ఎం బుక్కులో కొలతలు రాసినవారి సంతకం, వాటిని తనిఖీ చేసిన పై అధికారి సంతకం రెండూ ఉంటాయి. ఆ పుస్తకం ఏ కార్యాలయంలో ఉందో తెలుసుకోవడమే కష్టం.

వనజ చంద్రగిరి
ఆ కష్టం మాకు అనుభవమే. మా ఆడపడుచుల పొలానికి నీళ్లిచ్చే తూము గురించి అడగబోతే, నేల రెవెన్యూ వారిదని, కట్ట, తూములు జలవనరుల శాఖవని, చేపల పాట (వేలం) సంగతి మత్స్యశాఖదని, మట్టి తవ్వకం గనుల శాఖ చూస్తుందని, కట్ట మీది విద్యుద్దీపాలు పంచాయతీవని చెప్పారు. వంద ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు చాలాకాలం పంచాయతీరాజ్ చేతిలో, పెద్దవి జలవనరుల శాఖ చేతిలో ఉండేవి. ఆ పాత విభజన వల్ల ఇప్పటికీ కాగితాలు ఒకచోట, బాధ్యత మరొకచోట ఉంటున్నాయి.

సోమవారం అర్జీల కార్యక్రమంలో రాసిచ్చాము. కొన్నాళ్లకు మా అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. వెళ్లి చూస్తే తలుపు ఎలా ఉన్నది అలాగే ఉంది. అర్జీని సంబంధిత కార్యాలయానికి పంపడాన్నే పరిష్కారంగా నమోదు చేశారని తర్వాత తెలిసింది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు, ఆయన మీద నాకు కోపం లేదు. పరిష్కారమైందా లేదా అన్న మాట అర్జీదారు నోటి నుంచి రావాలని మాత్రం నేను గట్టిగా నమ్ముతున్నాను.

మామిడితోట బంగారుపాళ్యం
మీరంతా పై నుంచి చూస్తున్నారు, నేను కింది నుంచి, అంటే ఆయకట్టు నుంచి చెబుతాను. చెరువు బాగోగులు ఒకప్పుడు ఎవరు అడిగేవారు? ఆ నీళ్లతో వరి నాటేవాడు అడిగేవాడు. తూము కారితే తన మడి ఎండుతుంది కనుక కరణం ఇంటి ముందో, ఓవర్సీరు దగ్గరో కూర్చుని అడిగేవాడు. ఇప్పుడు తిరుపతి చుట్టూ ఆయకట్టు భూములు ప్లాట్లయ్యాయి. మడి పోయాక అడిగేవాడు కూడా పోయాడు. ప్లాటు కొన్నవారికి చెరువు నిండడం అవసరం లేదు, నిండకపోతేనే నిశ్చింత. 1997 చట్టం ప్రకారం నీటి సంఘానికి ఓటర్లు ఆయకట్టుదారులే. 2024 డిసెంబరులో ఆ ఎన్నికలు జరిగాయి. ఆయకట్టు కాగితం మీద మిగిలి నేల మీద లేనిచోట ఆ సంఘం ఎవరి తరఫున మాట్లాడుతుంది?

శేషాచలం నీడ
మామిడితోట గారి మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మా అత్తగారి ఊళ్లోనూ మొరవ కాలువకు ఇరువైపులా హద్దురాళ్లు పాతి ఉన్నాయి, కాలువ సగం వెడల్పుకు కుంచించుకుపోయింది.

స్వర్ణముఖి ఒడ్డు
ప్లాటు కొన్నవారికి చెరువు అక్కరలేదన్న మాటను నేను ఒప్పుకోను. నేను అలా ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాడినే. 2021 నవంబరులో తిరుపతి వీధులు చెరువులైనప్పుడు మా వీధిలో నీళ్లు ఎటూ కదల్లేదు. ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి, పై చెరువు మొరవ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్యలో కాలువ మూసుకుపోతే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. అదే నెలలో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు, రాత్రింబగళ్లు ఇసుక బస్తాలు వేసి లీకేజీని అదుపు చేశారు. నవంబరు 19న అవతల కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్లనే ముంచేసింది. కట్ట, తూము, మొరవ ఇళ్లలో ఉండేవారికి కూడా ప్రాణావసరాలే. ఆ సంగతి ఎవరూ వారికి చెప్పలేదు, నీటి సంఘంలో చోటూ ఇవ్వలేదు. అడిగేవాడు పోలేదు, అడిగే హక్కు కాగితం మీద ఇంకా అతనికి రాలేదు.

మామిడితోట బంగారుపాళ్యం
రాయలచెరువు సంగతి ఒప్పుకుంటాను. వరద వచ్చిన ఆ వారం అందరూ అడిగారు. తర్వాతి వేసవిలో ఎంతమంది అడిగారో చెప్పండి.

పీలేరు పంతులు
ఈ ప్రాంతంలో చెరువుకు జవాబుదారీ ఒకప్పుడు భూమితోనే ముడిపడి ఉండేది. దశబంధం ఇనాము అని రాయలసీమ అంతటా ఉండేది. చెరువు కట్టినవారికి లేదా దాన్ని బాగుచేస్తూ ఉండేవారికి ఆయకట్టులో కొంత భూమి ఇచ్చేవారు, మరమ్మతు చేయడమే ఆ భూమిని అనుభవించడానికి షరతు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను ఆ శాసనం చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. మన తిరుమల శాసనాల్లోనూ, భక్తులు స్వామికి సమర్పించిన ధనాన్ని దేవస్థానపు ఊళ్లలో చెరువులు, కాలువలు బాగుచేయడానికి వెచ్చించి, పెరిగిన పంట నుంచి నైవేద్యం జరిపించిన ఏర్పాట్లు కనిపిస్తాయి. ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, దానితో ఏ చెరువు బాగుపడాలి, ప్రతిఫలంగా ఏమి జరగాలి అన్నదంతా రాతి మీద ఉండేది. ఇప్పటి రాతి మీద పేర్లు, అంచనా మొత్తం ఉన్నాయి, నిజంగా ఎంత ఇచ్చారన్నది లేదు.

నీరుగంటి మనవడు
పంతులు గారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా తాత నీరుగంటి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వెళ్లాలో చూడడం, వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని కట్ట పొడవునా తిరగడం ఆయన పని. కట్టలో ఎలుక బొరియ పడితే మొదట కనిపెట్టేది ఆయనే. ఏటా కళ్లం దగ్గర మేర (పనికి ప్రతిఫలంగా ధాన్యం) కొలిచి ఇచ్చేవారు, ఎంత ఇస్తే అంత తెచ్చుకునేవారు. చాలా ఊళ్లలో ఈ పని దళిత కుటుంబాలదే. మడికి నీళ్లు అందకపోతే నిలదీసేది మా తాతనే. చెరువు గురించి ఊరి పెద్దలు మాట్లాడుకునే రచ్చబండ మీద మాత్రం ఆయనకు చోటు లేదు. ఆనాటి ఏర్పాటులో జవాబు చెప్పవలసినవాడు ఉన్నాడు, నిజమే. కానీ జవాబు అడిగే హక్కు ఊళ్లో కొందరికే ఉండేది, బాధ్యత మాత్రం అందరికంటే కిందివాడి మీద పడేది. ఆ కాలాన్ని మెచ్చుకునేటప్పుడు దీన్ని కూడా రాయాలి.

మీరు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నేను మనసారా ఒప్పుకుంటాను. కట్ట మీద రోజూ నడిచే మనిషి ఒకడు ఉండేవాడు. ఆ మనిషి ఇప్పుడు లేడు, ఆ పనికి జీతమిచ్చే ఉద్యోగమూ మా ఊళ్లో లేదు.

పీలేరు పంతులు
మీ మాట న్యాయమైనది. శాసనాల్లో దాతల పేర్లు ఉంటాయి, నీరుగంటుల పేర్లు ఉండవు.

పుత్తూరు సుధ
మా వైపు చెరువుల దగ్గర సెలవు రోజుల్లో వచ్చే కుటుంబాలు ప్లాస్టిక్ విస్తళ్లు, సీసాలు అక్కడే వదిలి వెళుతున్నాయి. నాయకులను అడిగేవారు ముందు తమ చెత్త తాము తీసుకెళ్లాలి.

వనజ చంద్రగిరి
సుధ గారు చెప్పింది తప్పకుండా చేయాలి. అయితే విస్తరి పారేసినవాడికీ, మనిషి లోతు గుంట తవ్వినవాడికీ ఒకే కొలత పెట్టకూడదు. మనలో తప్పులు లేనప్పుడే అడగాలంటే ఎవరూ ఎన్నటికీ అడగలేరు. ఆ గుంటల్లో ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతున్నాము.

కుప్పం యువకుడు
ఎమ్మెల్యే గారిని నేరుగా అడిగితే సరిపోదా? మా ఊళ్లో ఒక ఫోనుతో రోడ్డు గుంత పూడ్చారు.

స్వర్ణముఖి ఒడ్డు
ఫోనుతో అయిన పని ఫోనుతోనే ఆగిపోతుంది, అందుకు రాతలో ఏ ఆధారమూ ఉండదు. ఎమ్మెల్యే చేతిలో అంతకంటే బలమైనది ఉంది. ఫలానా చెరువుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని శాసనసభలో ప్రశ్న వేస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు సభా రికార్డులో నిలిచిపోతుంది. మన ప్రతినిధిని సిమెంటు అడగడం మనకు అలవాటైంది, మన తరఫున ఒక ప్రశ్న వేయమని అడగడం ఇంకా అలవాటు కాలేదు.

చిత్తూరు పాఠకుడు
ఇది నాకు కొత్తగా తోచింది. ఓటు చాలన్న నా మాటను పూర్తిగా వదులుకోవడం లేదు. రాతలో జవాబు దొరికితే ఆ ఓటుకు ఆధారం ఉంటుందని మాత్రం ఒప్పుకుంటాను.

విశ్రాంత ఏఈ
ఉపాధి హామీ పనులకు 2005 చట్టమే సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే అది మొదలైంది. మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) ఎవరి పేరు ఉంది, ఎంత కూలి రాశారు, ఎంత తవ్వారు అన్నది ఊరి ముందు చదివి వినిపిస్తారు. లోపాలు లేవని అనను, కానీ లెక్కను చదవడం నేను స్వయంగా చూశాను, చదువు రాని ఆడవాళ్లు లేచి 'ఆ వారం నేను పనికే రాలేదు' అని చెప్పడమూ చూశాను. అదే చెరువులో కాంట్రాక్టరు చేసిన తూము పనిని మాత్రం ఎవరూ ఎక్కడా చదవరు. ఒకే కట్ట మీద కూలీ తట్టెడు మట్టికి బహిరంగ తనిఖీ ఉంది, లక్షల రూపాయల కాంక్రీటుకు లేదు. మొదట సరిచేయవలసినది ఇదేనని నా ఉద్యోగ జీవితమంతా అనుకుంటూ వచ్చాను.

శేషాచలం నీడ
అయితే ఇప్పుడు నేను ఏ కాగితం అడగాలి? ఎవరికి రాయాలి?

స్వర్ణముఖి ఒడ్డు
సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కార్యాలయం తప్పుగా ఎంచుకున్నా భయం లేదు, ఆరో సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. వనజ గారిని తిప్పినట్టు మిమ్మల్ని తిప్పడానికి అక్కడ వీలు తక్కువ. ఎందుకు పని కాలేదు అని అడగకండి, కారణాలు అడిగితే సమాచారం కాదని తిప్పికొడతారు. కాగితాలే అడగండి.

విశ్రాంత ఏఈ
శిలాఫలకం మీది తేదీ, పని పేరు యథాతథంగా రాసి, పరిపాలనా అనుమతి ప్రతి, అంచనా ప్రతి, ఒప్పందం ఉంటే దాని ప్రతి, ఎం బుక్కులో ఆ పనికి చెందిన పేజీలు, రద్దయి ఉంటే రద్దు ఉత్తర్వు ప్రతి అడగండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. చాలామంది దీన్ని వాడుకోవడం లేదు. ఎం బుక్కు పేజీలు చేతిలో పట్టుకుని తూము దగ్గర నిలబడితే ఏది కట్టారో ఏది కట్టలేదో మీ మామగారే చెప్పగలరు.

మామిడితోట బంగారుపాళ్యం
మట్టి తవ్వకానికి ఎవరికైనా అనుమతి ఇచ్చారా, ఇస్తే ఎన్ని ఘనపు మీటర్లకు, ఎంత లోతుకు అన్నది విడిగా గనుల శాఖను అడగండి. పూడిక తీతకు కట్ట నుంచి ఎంత దూరం వదలాలో షరతు ఉంటుంది. కట్ట మొదట్లోనే తవ్వితే కట్ట బలహీనమవుతుంది, మీరు చెప్పిన గుంటలు కట్టకు దగ్గరగా ఉంటే అది అన్నిటికంటే ముందు చూడవలసిన సంగతి.

శేషాచలం నీడ
కొన్ని గుంటలు దగ్గరగానే ఉన్నాయి. ఫొటోలు తీశాము, తేదీతో సహా ఉన్నాయి.

వనజ చంద్రగిరి
మొరవ కాలువ హద్దుల కోసం రెవెన్యూ వారి గ్రామ పటం ప్రతి కూడా తీసుకోండి. ఆక్రమణ సంగతి వస్తే న్యాయస్థానాలు మన వైపే ఉన్నాయి. హించ్‌లాల్ తివారీ కేసులో 2001లోనే చెరువులు, కుంటలు ఊరి ఉమ్మడి వనరులని, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు సిద్ధం చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002 నాటి మన వాల్టా చట్టమూ ఉంది. ఒక్క మాట మాత్రం జాగ్రత్త. ఆ హద్దురాళ్లలో పేదవాడి గుడిసె ఉంటే ముందు దాన్ని పీకి, లేఅవుటు ప్రహరీని వదిలేసే ప్రమాదం ఉంది. అర్జీలో సర్వే నంబర్లన్నీ వరుసగా రాయండి, ఒకటీ అరా రాయకండి.

కుప్పం యువకుడు
2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల గడువు ఐదేళ్లే, ఆ తర్వాత మళ్లీ ఎన్నికలే. పోటీకి దిగే ప్రతి అభ్యర్థినీ ఈ కాగితాలు చూపించి అడగవచ్చు కదా. తూము తలుపు ఎప్పటికి బాగవుతుందో, ఏ నిధి నుంచో రాసి సంతకం పెట్టమనవచ్చు.

చిత్తూరు పాఠకుడు
యువకుడి ఆలోచనకు నా మద్దతు. పార్కు కావాలా అని కాకుండా తూము ముందా, పార్కు ముందా అని అడగండి. రెండూ చేస్తామనడం సులువు, వరుస చెప్పమంటే కష్టపడతారు.

శేషాచలం నీడ
నేను తిరుపతిలో ఓటరును, ఆ ఊళ్లో కాదు. అందుకే దరఖాస్తు నా పేరుతో పెడతాను, గ్రామసభలో చదవడం మాత్రం మా మామగారు, వారి పొరుగు రైతులు చేస్తారు. నిన్న రాత్రి ఫోనులో మాట్లాడాను, ఒప్పుకున్నారు. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.

నీరుగంటి మనవడు
గ్రామసభను ఎక్కడ పెడుతున్నారో ముందు కనుక్కోండి, నీడ గారూ. మా ఊళ్లో గుడి మండపంలో పెట్టినన్నాళ్లూ మా వీధి వాళ్లు దూరంగా నిలబడి విని వెళ్లిపోయేవారు, బడి ఆవరణకు మార్చాక మా అక్క లేచి మాట్లాడింది. మీ చెరువు చేపల పాట గురించి, తూము కారడం ఏ నెలలో మొదలైందన్నదాని గురించి ఆ వీధిలో వారికి మీ మామగారి కంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. దరఖాస్తు జవాబు వచ్చాక ఒక ప్రతి వారికీ ఇచ్చి రండి.